రేవు దాటడానికి బిల్లు ఎక్కడి నుంచి తెస్తారు? లంక ఊళ్ళలో ఇంటింటికీ వెళ్ళే మా కార్యకర్తల మీద ఒక కేస్ స్టడీ

ఆ రోజు సాయంత్రం ఇళ్ళకి తిరిగే మా కార్యకర్త ఒకావిడ ఆఫీసుకి వచ్చి సామానంతా ఒక్కొక్కటిగా నా టేబుల్ మీద పెట్టింది. పిల్లల్ని వేలాడదీసి తూచే కాటా, చేతి చుట్టుకొలత టేపు, రిజిస్టర్, ఐడీ కార్డు, ఆఖరికి మేం ఇచ్చిన గొడుగు కూడా. గొడుగు ఎందుకమ్మా ఉంచుకో అంటే "వద్దండి, మీ సామాను మీకు అప్పజెప్పేస్తే నాకు తేలిగ్గా ఉంటది" అంది. ఎందుకు మానేస్తున్నావు అని అడిగితే "ఇంట్లో కుదరట్లేదండి" అని తల దించుకుంది. నేను ఆవిడ పేరు పక్కన "సొంత కారణాలు" అని రాసేశాను.

ఆవిడ వెళ్ళిపోయాక పేజీ వెనక్కి తిప్పి చూస్తే అదే మాట నా చేతిరాతలోనే తొమ్మిది సార్లు ఉంది. 14 మందిని తీసుకున్నాం, 10 నెలలు తిరిగేసరికి 9 మంది వెళ్ళిపోయారు, తొమ్మిది మందికీ సొంత కారణాలే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత రెండు నెలల పాటు ఆ తొమ్మిది మంది ఇళ్ళకీ వెళ్ళి కూర్చుని మాట్లాడాను, అక్కడ విన్నది, దాని తర్వాత మేం మార్చింది, మార్చినా కుదరనిది అన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పని చేసేవాళ్ళు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు కాబట్టి ఒకళ్ళకైనా పనికొస్తుందని.

ఊళ్ళ పేర్లు రాయట్లేదు. ఊరికి ఒక్క కార్యకర్తే ఉంటుంది, ఊరి పేరు రాస్తే మనిషి తెలిసిపోతుంది.

పని ఏంటి, ఎక్కడ

మాది చిన్న సంస్థ. పి.గన్నవరం, మామిడికుదురు, రాజోలు, సఖినేటిపల్లి మండలాల్లో గోదావరి వశిష్ట, వైనతేయ పాయల పక్కనున్న లంకల్లో (ఏటి దిబ్బల మీది ఊళ్ళు), ఏటిగట్టు లోపల కాలనీల్లో పని. కోనసీమ అంటే అందరికీ కొబ్బరితోటలూ పచ్చని చేలూ గుర్తొస్తాయి కానీ ఆ తోటల్లో సెంటు భూమి లేనివాళ్ళే మేం వెళ్ళే ఇళ్ళు. మగవాళ్ళు కొబ్బరి దింపు, వలుపు, లేకపోతే మేస్త్రీల కింద పనులు, ఆడవాళ్ళు ఊడ్పులు, కోతలు, లేసు అల్లకం, రొయ్యల షెడ్లలో తలలు తీసే పని. ప్రతి వీధిలో ఎవరో ఒకళ్ళు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు, చాలా ఇళ్ళలో పిల్లల్ని పెంచేది అమ్మమ్మలే.

మా కార్యకర్త పని ఏంటంటే గర్భిణులు, బాలింతలు, రెండేళ్ళ లోపు పిల్లలు ఉన్న ఇళ్ళకి నెలకి రెండుసార్లు వెళ్ళడం, పిల్లని తూచడం, టేపుతో కొలవడం, ఆ ఇంట్లో ఉన్న సరుకులతోనే ఏం పెట్టచ్చో కూర్చుని చెప్పడం, వండి చూపించడం, అవసరమైతే అంగన్‌వాడీకో పీహెచ్‌సీకో వెంటబెట్టుకుని తీసుకెళ్ళడం. ఆమె నర్సు కాదు, టీచరూ కాదు, ఆ వీధి మనిషే, కొంచెం నేర్చుకున్న మనిషి అంతే. అంగన్‌వాడీ టీచర్‌కి సెంటర్ ఉంది, పిల్లలు ఉన్నారు, రిజిస్టర్లూ యాప్‌లూ ఉన్నాయి. ఆశాకి వెయ్యి మంది జనాభా ఉన్నారు. ఇంట్లో గంటసేపు కూర్చునే తీరిక వాళ్ళిద్దరికీ దొరకదు, ఆ గంట కోసమే మా కార్యకర్త.

ఇలాంటి మనుషుల మీద ఆధారపడటం కొత్తేం కాదు. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది, ఆశాలు 2005లో వచ్చారు. అమెరికాలో కూడా 1969 నుంచి పేద కుటుంబాలకి పౌష్టికాహారం నేర్పే ఒక ప్రభుత్వ కార్యక్రమం నడుస్తోంది, ఈఎఫ్‌ఎన్‌ఈపీ అంటారు, అందులో కూడా ఇంటింటికీ వెళ్ళేది డిగ్రీల నిపుణులు కాదు, ఎక్కువగా ఆ వీధుల్లోంచే తీసుకుని శిక్షణ ఇచ్చిన ఆడవాళ్ళే. ఇక్కడ అంగన్‌వాడీ వర్కర్‌నీ ఆశానీ ఇన్నేళ్ళుగా గౌరవ కార్యకర్తలనీ వాలంటీర్లనీ పిలుస్తూ ఇచ్చేదాన్ని జీతం అనకుండా గౌరవ వేతనం అంటూ వచ్చారు. మన రాష్ట్రంలో ఆశాల గౌరవ వేతనం 10,000 అయింది 2019లో. 2023 డిసెంబర్ 12న మొదలైన అంగన్‌వాడీ సమ్మె 42 రోజులు నడిచింది, ఆ చలిలో రోడ్డు మీద కూర్చున్నవాళ్ళని నేను కళ్ళారా చూశాను. సేవ సేవ అంటూ డబ్బు మాట దాటేసే అలవాటు మాలాంటి చిన్న సంస్థల్లో కూడా ఉంది, మేమూ అదే తప్పు చేశాం.

మొదటి విడత: 2021

నోటిఫికేషన్ పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాం, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం. ఇంటర్ తప్పనిసరి, డిగ్రీ ఉంటే మంచిది, స్మార్ట్ ఫోన్ ఉండాలి. రాత పరీక్ష ఒకటి, తర్వాత ఇంటర్వ్యూ. చురుగ్గా మాట్లాడేవాళ్ళని తీసుకున్నాం. 14 మందిలో 10 మంది పాతికేళ్ళ లోపు అమ్మాయిలు. అమలాపురంలో ఒక హాలు అద్దెకి తీసుకుని 12 రోజులు ట్రైనింగ్ ఇచ్చాం, ప్రొజెక్టర్, చార్టులు, విటమిన్ల పట్టికలు అన్నీ. జీతం నెలకి 6,500, ఒక్కొక్కరికి 60 ఇళ్ళు. అప్పట్లో ఊళ్ళో వాలంటీర్లకి 50 ఇళ్ళకి 5,000 ఇస్తున్నారు కదా, మాది అంతకన్నా బాగానే ఉందని మేం తృప్తిగా ఉన్నాం.

మొదటి ముగ్గురూ రెండో నెలలోనే మానేశారు. వాళ్ళకి వేరే చోట ప్రైవేట్ స్కూల్లో టీచర్ ఉద్యోగం, పెళ్ళి సంబంధం, సచివాలయం పరీక్షల కోచింగ్. వాళ్ళని నేను తప్పు పట్టను, ఆ వయసులో డిగ్రీ చదివిన అమ్మాయికి ఇది దారిలో ఒక మజిలీ, మేమే దాన్ని గమ్యం అనుకుని తీసుకున్నాం. మిగతా ఆరుగురి సంగతి వేరు, వాళ్ళు ఉండాలనుకునే వచ్చారు.

2022 జులైలో వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు కూడా దాటేసి పోయింది, 2006 తర్వాత అంత నీరు చూడలేదని పెద్దవాళ్ళు అన్నారు. లంకలన్నీ మునిగాయి. ఆ వరద తగ్గాక గొడుగు తెచ్చి ఇచ్చేసిన ఆవిడే తొమ్మిదో మనిషి.

వాళ్ళ ఇళ్ళలో విన్నది

ముందు ఆవిడ దగ్గరికే వెళ్ళాను. ఇల్లు ఇంకా బురద వాసన వస్తోంది, గోడ మీద నీళ్ళు నిలిచిన గీత నా భుజం ఎత్తున ఉంది. కుర్చీ లేదు, బస్తా మడిచి వేసింది. టీ ఇచ్చి, చాలాసేపు వేరే మాటలు మాట్లాడి, అప్పుడు లోపలి నుంచి చిన్న నోటు పుస్తకం తెచ్చింది. పిల్లాడి పాత లెక్కల పుస్తకం, వెనక పేజీల్లో రోజువారీ రాసుకుంది. ఆటో 20, పడవ 10, పడవ 10, ఆటో 20. ప్రతి రోజూ అవే నాలుగు అంకెలు, నెలకి 22 రోజులు.

లెక్క వేశాను. రోజుకి 60, నెలకి 1,320. జీతం 6,500. అంటే ఐదో వంతు దారిలోనే పోతోంది.

మా దగ్గర ప్రయాణం ఖర్చు పద్దు ఉంది, అది బిల్లు పెడితే ఇస్తాం అని మొదటి రోజే చెప్పాం. "బిల్లు అడిగానండి ఒకసారి, పడవాయన నవ్వేడండి, ఏటమ్మా రేవు దాటటానికి బిల్లేటి అన్నాడు, అందరూ నవ్వేరండి, మళ్ళీ అడగలేదు" అంది. షేర్ ఆటోకి బిల్లు ఉండదు. నర్సాపురం వైపు సఖినేటిపల్లి పంటు లాంటి చోట టికెట్ ఇస్తారేమో కానీ లంకల రేవుల్లో నావ మీద ఎవరు బిల్లు ఇస్తారు. ఆవిడకి అది తెలుసు, మాకు తెలియాలి, నేను ఆ పడవ మీదే ఎన్నోసార్లు దాటాను.

ఇంకో మాట రాయక తప్పదు. ఆ ఏడాది ప్రయాణం పద్దులో డబ్బు ఖర్చు కాలేదని మేం దాతకి వెనక్కి పంపించాం. మా ఆర్థిక నివేదికలో అది పొదుపుగా కనిపించింది. ఆవిడ నోటు పుస్తకం చూశాక ఆ కాగితం గుర్తొచ్చి నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

రెండోది జీతం తేదీ. మాకు నిధులు మూడు నెలలకోసారి వస్తాయి, వచ్చినప్పుడు ఇచ్చేవాళ్ళం, ఒకసారి 47 రోజులు ఆలస్యం అయింది. మాకది ఆలస్యం, అంతే. ఆవిడ ఇంట్లో మాత్రం డ్వాక్రా గ్రూపు వాయిదా ఫలానా తేదీ అంటే ఆ తేదీనే, ఆ రోజు డబ్బు లేకపోతే గ్రూపులో పదిమంది ముందు మాట పడాలి. ఒకామె అంది, "ఐదు వేలే ఇవ్వండి గానీ ఫలానా రోజు అని చెప్పి ఇవ్వండి, ఆరున్నర వేలు ఎప్పుడొత్తాయో తెలీకపోతే ఏం చేసుకుంటానండి". ఆమె అప్పు తెచ్చి వాయిదా కట్టింది, ఆ అప్పు తీర్చడానికి రొయ్యల షెడ్డుకి వెళ్ళింది, అక్కడ వారం వారం చేతికి డబ్బు, ఊళ్ళోకే బండి వచ్చి ఎక్కించుకుంటుంది. తిరిగి మా దగ్గరికి రావడానికి ఆమెకి కారణం ఏం మిగిలింది?

మూడోది ఊడ్పులు. సార్వా (వానాకాలం పంట) ఊడ్పుల్లో, మళ్ళీ దాళ్వా (రెండో పంట) ఊడ్పుల్లో ముఠాతో వెళ్తే మా నెల జీతం రెండు మూడు వారాల్లోనే వస్తుంది, ఆ ముఠాలో ఒకసారి చోటు పోతే మళ్ళీ పిలవరు. మేం ఆ రోజుల్లో గైర్హాజరు వేసి జీతం కోశాం. ఇందులో నాకు చాలా సిగ్గుగా అనిపించేది ఏంటంటే, ఆ రోజుల్లో మేం వెళ్ళాల్సిన ఇళ్ళ తల్లులు కూడా చేలోనే ఉంటారు, ఇళ్ళకి తాళాలు. తాళం వేసిన ఇంటికి పొద్దున 10 గంటలకి వెళ్ళలేదని ఒక మనిషి జీతం కోశాం.

మిగతావి ఇంటి విషయాలు. రాత్రి 9 గంటలకి రిపోర్ట్ పంపలేదని మా ఆఫీసు నుంచి ఫోన్, పక్కన భర్త ఎవరది అంటాడు. వేరే పేటలోకి వెళ్తోందని అత్తగారి సణుగుడు. ఎవరూ ముందే చెప్పలేదు వాళ్ళకి ఈ పని ఏంటో, కోడలు రోజూ సంచీ వేసుకుని ఎక్కడికి వెళ్తోందో.

మేం పెట్టిన పద్ధతులే ఒక్కొక్కటిగా వాళ్ళని బయటికి నెట్టాయి. నేను మాత్రం తొమ్మిది సార్లూ సొంత కారణాలు అని రాశాను.

రెండో విడత: ఎవర్ని అడగాలి

2022 చివర్లో మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి గోడకి కాగితం అంటించలేదు. ప్రతి ఊళ్ళో నాలుగు చోట్ల ఒకటే ప్రశ్న అడిగాం: మీ వీధిలో పిల్లకి రాత్రిపూట జ్వరం వస్తే ముందు ఎవర్ని లేపుతారు? బోరింగు దగ్గర అడిగాం, రేషన్ దగ్గర అడిగాం, లేసు అల్లే అరుగుల మీద అడిగాం, చర్చి దగ్గర, గుడి దగ్గర అడిగాం. ఆశ్చర్యం ఏంటంటే ఒక్కో వీధికి ఒకటి రెండు పేర్లే వచ్చాయి, మళ్ళీ మళ్ళీ అవే. వాళ్ళెవరూ మొదటిసారి మాకు దరఖాస్తు పెట్టలేదు, పెట్టినా మేం తీసుకునేవాళ్ళం కాదు, చాలామంది ఏడు ఎనిమిది తరగతులతో ఆపేసినవాళ్ళు.

చదువు నిబంధన తీసేయడానికి మా కమిటీలో చాలా వాదన జరిగింది. అప్పుడు నేను జామ్‌ఖేడ్ సంగతి చెప్పాను. మహారాష్ట్రలో డాక్టర్ రజనీకాంత్ అరోలే, డాక్టర్ మేబెల్ అరోలే 1970లో మొదలుపెట్టిన పని అది, అక్కడ ఊరి ఆరోగ్య కార్యకర్తల్లో చాలామంది చదువు లేని ఆడవాళ్ళు, దళిత స్త్రీలు. గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ ఊరి ఆడవాళ్ళకి నేర్పి పురిటి బిడ్డల మరణాలు తగ్గించి చూపించారు, 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. చదవడం రాయడం వస్తే చాలు అన్నాం చివరికి. రిజిస్టర్‌ని మార్చాం, రాత తగ్గించి గళ్ళూ టిక్కులూ పెట్టాం, తూకం మాత్రం అంకెల్లో రాయాలి.

పరీక్ష బదులు పది రోజుల పని. పది రోజులకీ కూలి ఇచ్చాం, ఊరికే చేయించుకోలేదు. పాత కార్యకర్తతో కలిసి ఇళ్ళకి వెళ్ళాలి, పదో రోజున ఆమే చెప్పాలి చేస్తుందో చెయ్యదో. ఇద్దరు వద్దన్నారు, సంతోషంగా పంపించాం, ఆ పదిరోజుల కూలి మాకు 12 రోజుల హాలు అద్దె కన్నా చాలా తక్కువ. తీసుకునే ముందు నేను ప్రతి ఇంటికీ వెళ్ళి అత్తగారితో, భర్తతో కూర్చుని పని ఏంటో, ఏ వీధుల్లోకి వెళ్తుందో, ఎన్నింటికి ఇంటికి వస్తుందో చెప్పాను. ఒకాయన అన్నీ విని "ఆయ్, మరి ఆవిడ నాక్కూడా చెప్పుద్దా అండి ఏం తినాలో" అన్నాడు, అందరూ నవ్వారు, ఆ ఇంటి నుంచి మళ్ళీ ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఇంకో ప్రశ్న కూడా అడుగుతాం: పాస్‌పోర్ట్ ఉందా? ఉందంటే తీసుకోం అని కాదు. గల్ఫ్ ఆలోచన ఉన్న మనిషి ఉంటే ఆమె ఇళ్ళకి ఇంకొకరిని కూడా ముందే అలవాటు చేసి పెడతాం, ఆమె వెళ్ళే రోజున తల్లులు ఒంటరి కాకుండా. అడిగితే దాచకుండా చెప్తున్నారు, మొదటి విడతలో అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఒక బాలింత ఇల్లు

ఎందుకు ఇలాంటి మనిషే కావాలో ఒక ఇంటి సంగతి చెప్తే తెలుస్తుంది. బిడ్డ పుట్టి 12 రోజులు, తల్లికి పాలు చాలట్లేదు. అత్తగారు పత్యం పెడుతోంది, కారప్పొడి అన్నం, వెల్లుల్లి, రోజుకి రెండు చిన్న గ్లాసుల నీళ్ళు, నీళ్ళు తాగితే ఒళ్ళు ఊరుతుందని భయం. మొదటి విడతలో మా అమ్మాయి ఒకరు ఇలాంటి ఇంట్లోనే "ఆంటీ అది మూఢనమ్మకం, లీటర్లు లీటర్లు తాగాలి" అని చార్టు తీసి చూపించింది, తర్వాత ఆ ఇంటి తలుపు మాకు తెరుచుకోలేదు. ఆ అమ్మాయి చెడ్డది కాదు, మేం హాల్లో నేర్పించిందే చెప్పింది.

ఈసారి వెళ్ళింది లేసు అల్లే ఆవిడ, నలభై దాటిన మనిషి. నేను వెనక మంచం పట్టె మీద కూర్చున్నాను. ఆవిడ పత్యం మాటే ఎత్తలేదు ముందు. బిడ్డని ఎత్తుకుని, బొడ్డు చూసి, కాళ్ళు చూసి, "మీకెంతమంది పిన్నీ" అంది. నలుగురు అంది పెద్దావిడ. "పాలు సరిపోయేవా నలుగురికీ?" "మొదటోడికి చాల్లేదమ్మా, మా యాయమ్మ ఇచ్చేది" అంది. కాసేపు ఆ యాయమ్మ కబుర్లు నడిచాయి. తర్వాత ఆవిడ మెల్లగా అంది, "మన గేదె ఈనితే ఏం చేత్తాం పిన్నీ, కుడితి పెట్టకుండా పాలు పితుకుతామా? కుండెడు కుండెడు తాగిత్తాం. ఈ పిల్లకి మాత్రం రెండు గ్లాసులేనా?" పెద్దావిడ ఏం మాట్లాడలేదు. బిడ్డ ఏడిస్తే తల్లి ఒళ్ళో పెట్టి ఎలా పట్టుకోవాలో చూపించి వచ్చేశాం.

నాలుగు రోజుల తర్వాత వెళ్తే మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు మూత పెట్టిన చెంబుతో తల్లి పక్కన ఉన్నాయి, బీరకాయ కూర, పెసరకట్టు కూడా వచ్చాయి. పత్యం పోలేదు, పత్యంలోకే నీళ్ళు వచ్చి చేరాయి. తర్వాత నెలలో మునగాకు పప్పు. ఆరో నెల నిండాక ఆ బిడ్డకి గుడ్డు మెదిపి మొదటి ముద్ద పెట్టింది ఆ అత్తగారే. ఆ గేదె మాట నేను ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పలేదు, ఇప్పుడు మా వాళ్ళందరూ వాడుతున్నారు.

నిలబెట్టుకోవడానికి చేసినవి

డబ్బు ముందు. జీతం 7,500 చేశాం, ప్రతి నెలా 5వ తేదీ ఖాతాలో పడాలి. అందుకోసం రెండు నెలల జీతాలు ముందే బ్యాంకులో పక్కన పెట్టకుండా ఎవర్నీ తీసుకోకూడదని నియమం పెట్టుకున్నాం. దాంతో 14 మంది బదులు 11 మందినే తీసుకోగలిగాం, ఒక్కొక్కరికి 60 ఇళ్ళ బదులు 45. లెక్క చూస్తే 840 ఇళ్ళ నుంచి 495కి పడిపోయాం. కొన్ని ఊళ్ళు పూర్తిగా వదిలేశాం, ఆ ఊళ్ళ మీదుగా వెళ్ళినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. కానీ మొదటి విడతలో పదో నెలకి మిగిలిన 5 మంది చూసింది 300 ఇళ్ళే, కాగితం మీద 840 అని రాసుకున్నాం అంతే.

ప్రయాణం డబ్బు నెల మొదట్లోనే ఇచ్చేస్తాం, బిల్లు లేదు. నేను ఒక్కో కార్యకర్తతో ఒక రోజంతా తిరిగి ఎంత అవుతుందో చూసి ఖరారు చేస్తాం, రేవు ఉన్నవాళ్ళకి ఎక్కువ, లేనివాళ్ళకి తక్కువ. ఆడిటర్ ఒప్పుకోడని భయపడ్డాం. ఆయనతో కూర్చుని మాట్లాడితే రూట్ వారీగా కమిటీ తీర్మానం ఉంటే సరిపోతుంది అన్నాడు, పావుగంట పని. అంతకుముందు ఏడాదంతా మేం ఆయన్ని అడగనే లేదు.

ఊడ్పుల నెలల్లో సాయంత్రం 5 తర్వాతే ఇళ్ళకి వెళ్ళాలి, రోజూ అక్కర్లేదు, టేపు పసుపులో ఎరుపులో ఉన్న, అంటే చేయి మరీ సన్నగా ఉన్న పిల్లల ఇళ్ళకి మాత్రం తప్పదు. జీతం కోత లేదు. ఎర్రనీళ్ళు (వరద నీళ్ళు) రాగానే లంకల్లో ఇళ్ళ పని ఆపేసి కార్యకర్త ముందు తన ఇల్లు చూసుకోవాలి, ఆ రోజులకీ జీతం ఇస్తాం. 2022లో ఆవిడ ఇల్లు మునిగి ఉంటే మేం రిపోర్ట్ అడిగాం, అది మళ్ళీ జరగకూడదు. రాత్రి 7 తర్వాత ఆఫీసు నుంచి ఎవరూ ఫోన్ చెయ్యకూడదు.

నెలాఖరు శనివారం మీటింగ్. మొదటి గంట రిజిస్టర్లు తెరవం, భోజనం పెడతాం, మాట్లాడుకుంటారు. ఎవరింట్లో ఏం గొడవ, ఏ వీధిలో ఎవడు వెంటపడి మాట్లాడుతున్నాడు, ఏ పిల్ల గురించి భయంగా ఉంది, అన్నీ ఆ గంటలోనే బయటికి వస్తాయి. మనిషి మానేసే ఆలోచన ముందు ఇక్కడే వినిపిస్తుంది, సంచీ తెచ్చి టేబుల్ మీద పెట్టేదాకా ఆగక్కర్లేదు. కొత్తవాళ్ళని వెంటబెట్టుకుని తిప్పే ఆవిడకి నెలకి 1,000 అదనం.

కుదరనివి, ఇంకా తేలనివి

2023లో ఒక తప్పు చేశాం. లెక్క దాటి చేసిన ప్రతి ఇంటికీ 10 రూపాయలు అదనంగా ఇస్తామన్నాం. నంబర్లు బాగా పెరిగాయి. ఒక రిజిస్టర్లో 13 నెలల పిల్లకి వరుసగా మూడు నెలలు 8.2 కిలోలే ఉంది, అనుమానం వచ్చి నేనే వెళ్ళి తూచాను, 7.4. టేపు 12.5 సెంటీమీటర్ల కిందకి, పసుపులోకి వచ్చేసింది. ఆ పిల్లని పీహెచ్‌సీకి తీసుకెళ్ళాం, కోలుకుంది. కార్యకర్తని తీసెయ్యాలన్నారు కొందరు, నేను ఒప్పుకోలేదు, ఇంటికింత అని పెట్టింది మేము. ఆమె ఏడ్చింది, మేం ఆ పద్ధతి తీసేశాం, ఆమె ఇప్పటికీ మాతో ఉంది, ఆమె రిజిస్టర్ ఇప్పుడు అన్నిటికన్నా నిజాయితీగా ఉంటుంది.

ఫోన్ యాప్ పెట్టి తీసేశాం. లంకల్లో సిగ్నల్ ఉండదు, ఆ ఒక్క వాక్యం చాలు.

కులం గురించి రాయకపోతే ఈ కేసు అబద్ధం అవుతుంది. మా మంచి కార్యకర్తల్లో ఒకరు ఎస్సీ పేట నుంచి వచ్చినావిడ. పక్క వీధిలో రెండు ఇళ్ళలో ఆవిడని మెట్టు మీదే కూర్చోబెట్టి, బిడ్డని ఆవిడ చేతికి ఇవ్వకుండా వాళ్ళే కాటాలో పెడతాం అన్నారు. ఆవిడ ఫిర్యాదు చెయ్యలేదు, ఆ వీధి వేరేవాళ్ళకి ఇచ్చెయ్యండి అని మాత్రం అడిగింది. ఇచ్చేస్తే సులువే, అంతకుముందు అలాగే చేశాం కూడా. ఈసారి నేను ఆవిడతో వెళ్ళి అదే మెట్టు మీద కూర్చున్నాను, ఈవిడే మా కార్యకర్త, ఈవిడ చేత్తో తూస్తేనే తూకం, ఇంకొకళ్ళని పంపం అని చెప్పాను. ఒక ఇల్లు నెల తర్వాత తనంతట తనే పిలిచింది. ఇంకో ఇల్లు ఇప్పటిదాకా పిలవలేదు. ఆ ఇంట్లో పసిదాని తప్పేముంది అనే ప్రశ్న నన్ను వదల్లేదు, అయినా ఆవిడ వైపు నిలబడటం సరైనదే అని నేను నమ్ముతున్నాను, అంగన్‌వాడీ టీచర్‌కి చెప్పి ఆ పాపని ఒక కంట చూడమన్నాను.

2023 జనవరిలో చేరిన 11 మందిలో రెండేళ్ళు దాటేసరికి 8 మంది ఉన్నారు. ఒకామె కువైట్ వెళ్ళింది, కూతురి ఫీజు కట్టాలి, మా 7,500తో ఆ ఫీజు ఏనాటికీ తీరదు. ఆమె ఇళ్ళకి ముందే అలవాటైన మనిషి ఉంది కాబట్టి ఒక్క ఇల్లు కూడా పోలేదు. ఒకరు భర్త పని కోసం హైదరాబాద్ వెళ్ళారు. మూడో ఆవిడకి ఆశా పోస్టు వచ్చింది. నెలకి 10,000, దానికితోడు 2025లో ప్రసూతి సెలవు 180 రోజులు, 62 ఏళ్ళ దాకా పని అని కూడా వచ్చాక ఎవరైనా వెళ్తారు, వెళ్ళాలి. ఆ శనివారం భోజనంలో పులిహోర, బొబ్బట్లు చేయించాం ఆవిడ కోసం. ఇప్పుడు కూడా ఏ పిల్ల విషయమైనా మా వాళ్ళు ముందు ఫోన్ చేసేది ఆవిడకే.

గొడుగు ఇచ్చేసిన ఆవిడని రెండుసార్లు మళ్ళీ రమ్మని అడిగాను. అప్పట్లో పడవకీ ఆటోకీ పోయిన డబ్బు లెక్కకట్టి ఆ నోటు పుస్తకం ప్రకారం ఇచ్చేశాం, కమిటీ ఒప్పుకుంది. ఆవిడ తీసుకుంది, పనికి మాత్రం రాలేదు, రొయ్యల షెడ్డులో ఇప్పుడు పదిమంది మీద పెద్దగా ఉంది. దాని గురించి నేను ఇంక అడగను.

ముగ్గురి స్థానంలో ఒకరు చేరారు, ఇంకా 2 ఖాళీలు ఉన్నాయి, రెండూ ఏరు దాటి వెళ్ళే ఊళ్ళే. ఈ సార్వా ఊడ్పులు అయ్యి ఎర్రనీళ్ళు తగ్గాక అడగడం మొదలుపెడతాం. ఈసారి బోరింగు దగ్గరకన్నా ముందు రేవులో పడవాయన్ని అడగాలని ఉంది. పొద్దున్నే పడవ బయల్దేరేటప్పుడు ఏ మనిషి రాలేదంటే మిగతా ఆడవాళ్ళు "ఆగవయ్యా, ఆవిడ వత్తంది" అంటారో ఆయనకి తెలుసు.